ముద్దొచ్చే డబ్బాలు, మెరిసే రంగులు: పాలెట్, బ్లష్ కొనేముందు, కొన్నాక ఏం చూసుకోవాలి

డబ్బా బాగుందని మేకప్ కొనడం తప్పేం కాదు, ముందు ఆ గిల్ట్ పక్కన పెట్టేయండి. ఎలుగుబంటి మొహం ఉన్న బ్లష్ (బుగ్గలకి వేసే రంగు), చాక్లెట్ బార్ ఆకారంలో గళ్లు గళ్లుగా రంగులుండే పాలెట్, మూత తీస్తే పౌడర్ మీద కూడా గులాబీలు చెక్కి ఉన్న కాంపాక్ట్... చూస్తే చెయ్యి ఆగదు, ఆపుకోవాల్సిన అవసరమూ లేదు. కాకపోతే అందులో డబ్బాకి ఎంత పెడుతున్నాం, రంగుకి ఎంత పెడుతున్నాం అన్నది డబ్బులు కట్టకముందే తెలిసుండాలి. డబ్బా కోసమే అయితే అలాగే అనుకుని కొనండి, హాయిగా డ్రెస్సింగ్ టేబుల్ మీద పెట్టుకోండి. ముఖానికి వేసుకుందామనుకుంటే మాత్రం కాసేపు ఆ బొమ్మల్ని మర్చిపోయి లోపలి రంగుని విడిగా పరీక్షించాలి.

మొదట డబ్బా వెనక్కి తిప్పండి

ముందు వైపు ఎంత ముద్దుగా ఉన్నా మనకి కావాల్సిన సమాచారమంతా వెనకే ఉంటుంది. నెట్ వెయిట్ చూడండి. ఈ ఫ్యాన్సీ కాంపాక్టులు చేతిలో బరువుగా ఉంటాయి, ఎందుకంటే అద్దం, అయస్కాంతం మూత, మందపాటి ప్లాస్టిక్, ఇవే బరువు. లోపల పౌడర్ మూడు నాలుగు గ్రాములే ఉండొచ్చు. ₹1,200కి 4 గ్రాములంటే గ్రాముకి ₹300 పడింది, ₹450కి 6 గ్రాములంటే గ్రాముకి ₹75. ఈ తేడా అంతా డబ్బాదే అని నేననను, రంగు ఎంత గాఢంగా ఉంది, పౌడర్ ఎంత మెత్తగా ఉంది అన్నది కూడా అందులో ఉంటుంది, కానీ ఈ లెక్క వేసుకుంటే మనసు కొంచెం కుదురుగా ఉంటుంది. ఇంకో విషయం, బ్లష్ విషయంలో తక్కువ గ్రాములు ఉండటం నిజానికి నష్టం కాదు. రోజూ ఆఫీసుకి వేసుకున్నా పౌడర్ బ్లష్ నెలల తరబడి వస్తుంది, పెద్ద డబ్బా కొంటే అడుగు కనబడే లోపే డేట్ దాటిపోతుంది.

డేట్ అంటే గుర్తొచ్చింది, ఎక్స్‌పైరీతో పాటు మూత తెరిచిన చిన్న డబ్బా బొమ్మ ఒకటి ఉంటుంది చూడండి, దాని మీద 6ఎం, 12ఎం, 24ఎం అని రాసి ఉంటుంది. సీల్ తీసిన తర్వాత అన్ని నెలలు వాడొచ్చని దాని అర్థం. పౌడర్లకి సాధారణంగా ఎక్కువ నెలలు ఉంటాయి, క్రీమ్, లిక్విడ్ బ్లష్‌లకి తక్కువ. సీల్ తీసిన నెలని స్కెచ్ పెన్నుతో డబ్బా అడుగున రాసుకుంటే తర్వాత పరేషాన్ ఉండదు.

కొరియా, జపాన్, చైనా డబ్బాలే ఇప్పుడు అందరి కళ్లల్లో పడుతున్నాయి కాబట్టి ఇది తప్పకుండా చూడాలి. మన దేశంలో కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం విదేశీ మేకప్‌ని ఇక్కడ అమ్మాలంటే రిజిస్ట్రేషన్ చేయించాలి, లేబుల్ మీద ఆ రిజిస్ట్రేషన్ నంబరు, అది ఎవరి పేరున ఉందో వాళ్ల అడ్రసు ఉండాలి. చాలాసార్లు ఇది తెల్ల స్టిక్కర్ మీద ఉంటుంది. స్టిక్కరూ లేక, బ్యాచ్ నంబరూ లేక, "ఒరిజినలే మేడమ్, ఇంపోర్టెడ్" అన్న మాట ఒక్కటే ఉంటే దాన్ని కళ్ల దగ్గరికి తీసుకెళ్లకండి. మన మార్కెట్లలో "ఫస్ట్ కాపీ" అని దర్జాగా చెప్పి అమ్ముతారు, కాపీల్లో ఫస్ట్ ఏంటి, సెకండ్ ఏంటి! 2018లో లాస్ ఏంజిల్స్ పోలీసులు పెద్ద బ్రాండ్ల పేర్లతో అమ్ముతున్న నకిలీ మేకప్ పట్టుకుని పరీక్ష చేయిస్తే అందులో బ్యాక్టీరియా, మలం ఆనవాళ్లు బయటపడ్డాయి. ఆ వార్త చదివాక నకిలీ పాలెట్ ఎంత చవకగా ఇచ్చినా నాకు చెయ్యి రాదు.

డబ్బా మీద కుందేలు బొమ్మ ఉంటే జంతువుల మీద పరీక్షించలేదని సర్టిఫికెట్ అనుకునేవాళ్లు ఉన్నారు. క్యూట్ డబ్బాల్లో చాలాసార్లు అది ఉత్త కుందేలే. మన దేశంలో 2014లోనే కాస్మెటిక్స్‌ని జంతువుల మీద పరీక్షించడం నిషేధించారు, కాబట్టి ఇక్కడ తయారైన వాటికి ఆ బెంగ అక్కర్లేదు. శాకాహారులు మాత్రం పదార్థాల లిస్టులో కార్మైన్ లేదా సీఐ 75470 అని ఉందేమో చూసుకోవాలి. ఆ చక్కటి గులాబీ ఎరుపు కోచినీల్ అనే పురుగు నుంచి తీస్తారు. బ్లష్‌లలో, కనురెప్పలకి వేసే ఎర్ర ఐషాడోల్లో ఇది చాలా మామూలు.

షాపులో ఎలా ట్రై చేయాలి

మన హైదరాబాద్‌లో ఇనార్బిట్ లాంటి మాల్‌లోనో, కొండాపూర్ శరత్ సిటీలోనో టెస్టర్లు పెడతారు, ధర ఎక్కువైనా రంగు వేసి చూసుకోవచ్చు. బేగంబజార్ హోల్‌సేల్ షాపుల్లో, కోఠి, సుల్తాన్ బజార్, సికింద్రాబాద్ జనరల్ బజార్ గల్లీల్లో మన దేశీ బ్రాండ్ల పాలెట్లు బేరమాడి తెచ్చుకోవచ్చు కానీ అక్కడ సీల్ తీసి చూపించమంటే షాపాయన మొహం చూడాలి. కాబట్టి నేను చెప్పేదేంటంటే, రంగు మాల్‌లో చూసుకుని, అలాంటి షేడ్ చవకలో ఎక్కడ దొరుకుతుందో తర్వాత వెతుక్కోండి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

టెస్టర్‌ని నేరుగా కంటికీ పెదవికీ పెట్టొద్దు, ఎంతమంది వేళ్లు పడ్డాయో తెలియదు. శుభ్రం చేసే స్ప్రే, టిష్యూ అడగండి, మంచి షాపులో వాళ్లే ఇస్తారు, పై పొర తుడిచేసి అప్పుడు వేలితో తీయండి. స్వాచ్, అంటే రంగు చూసుకోడానికి వేసే గీత, అరచేతి వెనక కాదు, ముంజేతి లోపలి వైపు వేయాలి. బండి నడిపే వాళ్లకి చేతుల వెనక ఎండకి కమిలి ఉంటుంది, ముఖం రంగుతో కలవదు. ఇంకా మంచిది దవడ దగ్గర చిన్న గీత.

మొదటి స్వాచ్ చూసి మురిసిపోకండి. కొన్ని పాలెట్లలో పౌడర్ పైన మెరుపు ఉత్తినే స్ప్రే చేసి ఉంటుంది, దుకాణంలో తళతళలాడుతుంది, రెండుసార్లు బ్రష్ పెట్టేసరికి కింద మెరుపు లేని మ్యాట్ రంగు బయటపడుతుంది. ముఖ్యంగా పువ్వులు, హృదయాలు బంగారు రంగులో వేసి ఉన్న బ్లష్‌లలో ఇది ఎక్కువ. అందుకే అదే చోట రెండు మూడుసార్లు వేలు తిప్పి చూడాలి. చెక్కిన బొమ్మ సంగతి కూడా అంతే, మొదటి వారంలోనే అరిగిపోతుంది. ఫొటో తీసుకోవాలంటే వాడకముందే తీసేసుకోండి.

మాల్ లైట్ల కింద అన్ని రంగులూ మంచివే. స్వాచ్ వేసుకుని, కాసేపు బయటికి వచ్చి ఎండలో చూసుకోండి. మెట్రోలో వచ్చినవాళ్లకి ఇంకా సులువు, మన మెట్రో అంతా పైనే కాబట్టి కిటికీ పక్కన నిలబడితే పగటి వెలుతురు బాగా పడుతుంది, అక్కడ చేయి చూసుకుంటే అసలు రంగు తెలుస్తుంది. ఇంటికి వెళ్లే లోపు ఆ స్వాచ్ ఉందా, చెమటకి పోయిందా అన్నది కూడా తేలిపోతుంది. నచ్చితే మళ్లీ వచ్చి కొనుక్కోవచ్చు, లిమిటెడ్ ఎడిషన్ అయిపోతుందని టెన్షన్ పెడతారు గానీ లైట్ తీసుకోండి, ఇంకో నెలకి ఇంకో బొమ్మతో ఇంకోటి వస్తుంది.

చర్మం తొందరగా రియాక్ట్ అయ్యేవాళ్లు కొన్నాక మోచేతి మడతలోనో చెవి వెనకో కొంచెం రాసి ఒకటి రెండు రోజులు ఆగి చూడండి. మర్నాడే పెళ్లి ఉందని కొత్త పాలెట్ తెరవడం మాత్రం వద్దు.

మన రంగుకి ఏది పడుతుంది

పాలగులాబీ, లేత పీచ్, లావెండర్, ఇలాంటి పేస్టల్ రంగుల్లో టైటానియం డయాక్సైడ్ లాంటి తెల్ల పొడి బాగా కలిపి ఉంటుంది. తెల్లటి చర్మం మీద అది లేత గులాబీగా కనిపిస్తుంది, చామనఛాయ మీద ఆ తెలుపే ముందు కనిపించి బుగ్గకి విభూతి రాసుకున్నట్టు ఉంటుంది. మీ చర్మంలో లోపమేమీ లేదు, ఆ షేడ్ మనల్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు, అంతే. కొరియన్, జపనీస్ బ్లష్‌లు చాలావరకు లేత చర్మానికి తయారు చేసినవే, కాబట్టి ఆ బ్రాండ్లలో మీరు వరుసలో చివర ఉన్న గాఢమైన షేడ్లతో మొదలుపెట్టండి.

డబ్బాలో చూస్తే "అమ్మో, ఇంత ముదురా" అనిపించే రంగులే మనకి అందంగా వస్తాయి. ఇటుక ఎరుపు, కోరల్, నారింజ, నేరేడు, బీట్‌రూట్, రాణి రంగు. గోధుమ ఛాయ వాళ్లకి కోరల్, వెచ్చటి గులాబీ. చామనఛాయ వాళ్లకి ఇటుక, నేరేడు, మంచి నారింజ. ఇంకా ముదురు రంగు ఉన్నవాళ్లకి నిక్కచ్చి ఎరుపు, ముదురు నారింజ, వైన్ రంగు. డబ్బాలో భయపెట్టే నారింజ నల్లటి చర్మం మీద ఎంత సహజంగా కలిసిపోతుందో వేసి చూస్తే గానీ నమ్మరు. అయినా ఇవేం చట్టాలు కావు. లేత లావెండర్ బ్లష్ మీద మనసు పడి కొనేశారనుకోండి, కింద ముదురు గులాబీ క్రీమ్ బ్లష్ పలచగా వేసి దాని మీద లావెండర్ అద్దండి, బూడిద పోయి చల్లటి గులాబీ వస్తుంది. అదీ కుదరకపోతే కళ్ల మూలల్లో హైలైటర్‌గా వాడేయండి.

బ్లష్ వేయడం

పౌడర్ బ్లష్‌కి మెత్తటి, వదులు కుచ్చు ఉన్న బ్రష్ కావాలి. డబ్బాలో వచ్చే బుల్లి బ్రష్ చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, వాడితే చారలు పడతాయి, దాన్ని పక్కన పడేయండి. బ్రష్‌ని పౌడర్‌కి ఆనించి, ఒకసారి దులిపి, ముక్కుకి రెండు వేళ్ల దూరం వదిలి చెంప ఎముక మీదుగా చెవి వైపు పైకి తీసుకెళ్లాలి. నవ్వి, ఉబ్బిన బుగ్గ మీద వేయమని చాలామంది చెప్తారు, నవ్వు ఆపగానే ఆ రంగు కిందికి జారి ముఖం వాలినట్టు కనిపిస్తుంది, నాకైతే అది నచ్చదు. మామూలుగా ఉండి వేసుకోండి.

లిక్విడ్ బ్లష్‌లు కొన్ని మహా గాఢంగా ఉంటాయి. రేర్ బ్యూటీ వాళ్ల సాఫ్ట్ పించ్ లాంటి వాటికి ఒక చెంపకి ఒక చుక్క చాలు, అదీ ముందు చేతి మీద పెట్టుకుని వేలితో కొంచెం కొంచెం తీసుకోవాలి. రుద్దకూడదు, అద్దాలి. ఎక్కువైతే తుడవకండి, ఫౌండేషన్ వేసిన స్పాంజితోనే మీద అద్దితే తగ్గిపోతుంది. క్రీములు, లిక్విడ్లు ముందు, పౌడర్లు తర్వాత. పౌడర్ వేశాక దాని మీద క్రీమ్ పెడితే అట్టలు కడుతుంది. వేసవిలో నేను క్రీమ్ బ్లష్ పలచగా, దాని మీద అదే రంగు పౌడర్ ఇంకా పలచగా వేస్తాను, అమీర్‌పేటలో మెట్రో మారి రాయదుర్గం చేరేదాకా ఉంటుంది.

కళ్లకి రంగులు

రంగురంగుల పాలెట్ కొని అందులో బ్రౌన్ ఒక్కటే అరగదీసే వాళ్లు మనలో సగం మంది. మిగతా రంగులు ఎక్కడ వేసుకోవాలో తెలియక ఆ డబ్బా అలా ఉండిపోతుంది. మొదట నీలమో ఆకుపచ్చో తీసుకుని కాటుకకి కింద, కింది రెప్ప వెంట్రుకల వెంబడి సన్నగా గీయండి, రెప్ప మీద ఏమీ వద్దు. హైటెక్ సిటీ ఆఫీసుకి కూడా ఇది నడుస్తుంది, దగ్గరికొచ్చి చూస్తే గానీ తెలియదు. అలవాటయ్యాక పై రెప్ప మూలకి, ఆ తర్వాత రెప్పంతా.

మనలో చాలామందికి కనురెప్పలు ముఖం కన్నా ముదురుగా ఉంటాయి, దాని మీద పసుపో లేత నీలమో నేరుగా వేస్తే మురికిగా కనిపిస్తుంది. మచ్చలు కప్పే కన్సీలర్ పలచగా రాసి, ఆరాక వేయండి. రంగు మరీ పైకి కొట్టొచ్చినట్టు కనబడాలంటే కింద తెల్ల కాటుక పెన్సిల్ రాసి వేలితో పరచండి. మెరుపు రంగులకైతే తిరగేయండి, కింద నల్ల కాటుక రాస్తే నెమలి కంఠం నీలాలు, ఆకుపచ్చలు భలే లోతుగా వస్తాయి. మ్యాట్‌కి బ్రష్, మెరిసే షిమ్మర్‌కి వేలు లేదా కొద్దిగా తడిపిన బ్రష్. గాఢమైన రంగులు బుగ్గ మీద రాలతాయి కాబట్టి కళ్లు ముందు పూర్తి చేసి, రాలింది తుడిచి, ఫౌండేషన్ తర్వాత వేసుకోండి. కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్లు లెన్స్ పెట్టుకున్నాకే మేకప్ మొదలుపెట్టాలి, పెద్ద గ్లిట్టర్ రేకుల జోలికి అసలు పోవద్దు.

పాలెట్ మీద "ప్రెస్డ్ పిగ్మెంట్" అనో, ఫలానా షేడ్లు కంటి చుట్టూ వాడొద్దనో చిన్న అక్షరాల్లో ఉంటే చదవండి. కొన్ని ఎరుపు, నియాన్ రంగులకి అమెరికా ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కళ్ల దగ్గర వాడటానికి అనుమతివ్వలేదు, అందుకే అలా రాస్తారు. ఐషాడో పాలెట్ అని పెట్టి అందులో కళ్లకి వాడకూడని రంగు ఉండటం విడ్డూరమే గానీ ఉంటుంది. వాటిలో కొన్ని రెప్ప మీద గులాబీ మరకలు కూడా వదులుతాయి.

రంగులు ఎలా కలపాలో తెలియకపోతే బీరువా తెరవండి. పోచంపల్లి చీరల్లో, గద్వాల్ అంచుల్లో ఏ రంగు పక్కన ఏది పెట్టాలో మన నేతగాళ్లు ఎప్పుడో తేల్చేశారు. మెరూన్ పక్కన ఆవాల పసుపు, నెమలి నీలం పక్కన రాణి రంగు, ఆకుపచ్చ పక్కన వంగపండు. చీర ఒంటి రంగు కాకుండా అంచు రంగుని కళ్లకి తీసుకోండి, బ్లష్‌ని పెదవి రంగుకి దగ్గరగా ఉంచండి. బతుకమ్మకి తంగేడు పసుపు రెప్ప మధ్యలో చిన్న చుక్కగా పెట్టి మిగతాది ఇటుక రంగుతో నింపితే ఫొటోల్లో చాలా బావుంటుంది, హల్దీకి మాత్రం కళ్లకి పసుపు వద్దు, ఎలాగూ ముఖమంతా అదే ఉంటుంది.

ఎండ, చెమట, పగిలిన డబ్బాలు

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 40 డిగ్రీలు దాటుతుంది, ఎండలో పెట్టిన బండి డిక్కీలో ఇంకా ఎక్కువ. క్రీమ్ బ్లష్ అందులో పెడితే కరిగి నూనె పైకి తేలుతుంది, చల్లారినా ముందులా ఉండదు. బ్యాగులోనే పెట్టుకోండి. బాత్రూమ్‌లో కూడా వద్దు, తేమకి పౌడర్లు పాడవుతాయి. కొన్నాళ్లకి పౌడర్ మీద నున్నటి గట్టి పొర ఏర్పడి రంగు రాకపోతే పాడైపోయిందనుకోకండి, మన వేళ్ల జిడ్డు అది. సెల్లో టేప్ అతికించి లాగితే ఆ పొర వచ్చేస్తుంది.

కొరియర్‌లో పగిలి వస్తే ముందు ఫొటో తీసి రిటర్న్ పెట్టండి. మీ చేతిలోనే పడి పగిలితే, ముక్కల్ని పూర్తిగా పొడి చేసి, మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొన్ని చుక్కలు వేసి ముద్దగా కలిపి, టిష్యూ చుట్టిన రూపాయి బిళ్లతో గట్టిగా నొక్కి, మూత తీసి రాత్రంతా ఆరనివ్వాలి. గులాబీ బొమ్మ తిరిగి రాదు, రంగు మాత్రం వస్తుంది. షిమ్మర్లు ముందున్నంత మెత్తగా ఉండకపోవచ్చు.

రాత్రి ఎంత అలసటగా ఉన్నా రంగులు తీసేసే పడుకోవాలి. దూదిని క్లెన్సింగ్ ఆయిల్‌లోనో కొబ్బరినూనెలోనో తడిపి, మూసిన రెప్ప మీద కాసేపు ఆనించి, తర్వాత కిందికి తుడవండి, తర్వాత ఫేస్‌వాష్. మొటిమలు వచ్చేవాళ్లు కొబ్బరినూనె వదిలేసి మేకప్ తీసే మైసెల్లార్ వాటర్ వాడుకోండి. బ్రష్‌లు వారానికోసారి బేబీ షాంపూతో కడిగి, కుచ్చు కిందికి ఉండేలా వాల్చి ఆరబెట్టాలి.

పెళ్లింట్లో పాలెట్ బయటికి తీశామంటే పిన్ని కూతుళ్లు, మేనకోడళ్లు అందరూ చుట్టూ చేరతారు, ఇవ్వనంటే నక్రాలు చేస్తుందంటారు. బ్లష్ ఇవ్వండి, ఐషాడో కూడా ఇవ్వండి కానీ ఎవరి బ్రష్ వాళ్లు వాడాలి, కళ్లకలక ఉన్నవాళ్లకి మాత్రం ససేమిరా వద్దు. తిరిగొచ్చాక పౌడర్ల మీద 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సన్నగా స్ప్రే చేసి, పూర్తిగా ఆరాకే మూత పెట్టండి. క్రీమ్ బ్లష్ అయితే ముందు టిష్యూతో పై పొర తీసేయండి. చిన్నపిల్లలు బొమ్మ అనుకుని లాక్కుంటారు, వాళ్లకి ఖాళీ అయిన డబ్బా ఒకటి బ్యాగులో ఉంచుకుంటే సరి.